కోడెదూడ వయసు, చట్టం లెక్క

1944లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియకముందే, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తన సైన్యపు మాంస సరఫరా మీద ఒక ఆంక్ష విధించింది. మూడేళ్ల లోపు పశువులను, మూడు నుంచి పదేళ్ల మధ్య వయసున్న మగపశువులను, అదే వయసులో పాలివ్వగల ఆవులను, చూడి ఆవులను, పాడి ఆవులను సైనిక అధికారులు వధించరాదన్నది దాని సారాంశం. ఆ ఆంక్షకు మతం కారణం కాదు. సేద్యానికి, బండికి, పాలకు పశువులు కరవవుతున్నాయన్న భయమే కారణం. లక్షల మంది సైనికులకు మాంసం పెట్టవలసిన ప్రభుత్వం, ఆ సైన్యానికి ధాన్యం పండించే ఎద్దును కూడా అదే చేత్తో కాపాడుకోవలసి వచ్చింది. పశువు బతుకును ఏళ్లలో కొలిచి, ఫలానా వయసు దాకా అది కబేళాకు వెళ్లరాదని రాజ్యం గీత గీయడం ఆ విధంగా, యుద్ధకాలపు సరఫరా శాఖ అవసరంగా, మన ముందుకు వచ్చింది.

రైతు ఇంట ఈ లెక్క వేరే తీరున నడిచేది. ఆవు ఈని పెయ్యదూడ పుడితే పెద్దగా సందేహం లేదు. అది పెరిగి పాడి అవుతుంది. కోడెదూడ పుడితేనే ఆలోచన మొదలవుతుంది. పాలు మరిచేదాకా ఉంచి అమ్మవచ్చు. రెండు పళ్లు వేసేదాకా, అంటే రెండేళ్లు దాటేదాకా, మేపి అమ్మవచ్చు. కాడి మరిపి, జత కూర్చి, నాలుగు పళ్ల వయసులో సంతకు తోలితే మంచి ధర పలుకుతుంది. అయితే అప్పటిదాకా తిన్న చొప్ప, తవుడు, కాచిన మనిషి కూలి ఆ ధరలోంచే తీసివేయాలి. ఎద్దుగా ఏళ్ల తరబడి వాడుకున్నాక మరో లెక్క. ఈ ఏడు దుక్కులు అయిపోగానే అమ్మితే ఒంటిమీద కాస్త కండ ఉంటుంది. మరో ఎండాకాలం గడిస్తే తోలు ధరే మిగులుతుంది. ఆ వచ్చిన డబ్బే కొత్త కోడెల మీద పెట్టుబడి. పాత ఎద్దు అమ్ముడుపోనిదే కొత్త జత ఇంటికి రాదు. పల్లె ఆర్థికంలో ముసలి ఎద్దు అమ్మకం ఒక విషాదమే కావచ్చు, కానీ అది లేకుండా తరువాతి పంట లేదు.

సంతలో వయసును పళ్లతో చెబుతారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన పళ్లన్నీ వచ్చిన ఎద్దు. నాలుగైదేళ్లకే ఆ లెక్క పూర్తవుతుంది. తరువాత పంటి అరుగుదల చూసి అంచనా కట్టవలసిందే. పద్నాలుగేళ్ల ఎద్దుకూ పదహారేళ్ల ఎద్దుకూ తేడా ఏ సంతలోనూ ఎవరూ నిరూపించలేరు. అయినా గణతంత్ర భారతం తన పశుసంరక్షణ చట్టాలలో అనేకం ఆ తేడా మీదే నిలబెట్టింది. పదేళ్లు, పద్నాలుగేళ్లు, పదిహేనేళ్లు, ఇరవై, ఇరవై ఐదు, చివరికి ఎప్పటికీ కాదు: ఎనిమిది దశాబ్దాలలో చట్టం గీసిన గీత ఇలా పైపైకి జరిగింది. అది పైకి జరిగిన కొద్దీ రైతు తీసుకోవలసిన నిర్ణయం మాయం కాలేదు; అది కిందికి, దూడ పుట్టిన తొలి వారాల వైపు జారింది.

నిర్ణయం పూర్తిగా పెంపకందారుదే అయితే ఎలా ఉంటుందో చూడాలంటే ఒంగోలు పశువుల వెంట బ్రెజిల్ దాకా వెళ్లాలి. 19వ శతాబ్దంలో మొదలై 1960ల దాకా ఓడలెక్కిన ఆ పశువుల సంతతే నేడు అక్కడి మాంసపు మందల్లో అధిక భాగం. నెల్లూరు పేరు మీదే అక్కడ వాటిని నెలోరీ అంటారు. ఒంగోలు దగ్గరి కరవది పేరు మోసిన ఒక ఆబోతు అక్కడి పశువుల వంశవృక్షాలలో నేటికీ గౌరవంగా కనిపిస్తుంది. అక్కడి పెంపకందారు దూడ ఏడెనిమిది నెలలకు పాలు మరవగానే దాన్ని మరో మేతదారుకు అమ్ముతాడు, లేదా ధర బాగాలేదనుకుంటే ఇంకో ఏడాది గడ్డి మీద ఉంచుతాడు. దూడల ధర పడిపోయిన ఏళ్లలో ఈనే ఆవులను సైతం కబేళాకు పంపుతాడు. కొన్నేళ్లకు దూడలు కరవై ధర లేస్తుంది, అప్పుడు పెయ్యలను అట్టిపెట్టుకుంటాడు. తప్పు చేస్తే నష్టం అతనిదే, కలిసొస్తే లాభమూ అతనిదే. ఆ జాతి పుట్టినింట మాత్రం కోడెదూడ భవితవ్యం శాసనసభల్లో, న్యాయస్థానాల్లో తేలవలసిన విషయమైంది.

1947 నవంబర్‌లో కేంద్రం సర్దార్ దాతార్ సింగ్ అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. పనికివచ్చే పశువుల వధను తక్షణమే నిషేధించాలని, పద్నాలుగేళ్లు దాటి పనికీ పునరుత్పత్తికీ పనికిరానివాటిని, గాయం వల్లనో వైకల్యం వల్లనో శాశ్వతంగా పనికిరాకుండా పోయినవాటిని తొలిదశలో మినహాయించాలని అది సూచించింది. సైన్యపు పదేళ్లు ఇక్కడ పద్నాలుగయ్యాయి. ఏడాది తిరిగేసరికి, 1948 నవంబర్ 24న, విషయం రాజ్యాంగ సభకు వచ్చింది. సవరణ ప్రతిపాదించిన పండిత్ ఠాకూర్‌దాస్ భార్గవ వాదన ప్రధానంగా సేద్యం, పాలు, ఎరువుల చుట్టూ తిరిగింది. సేఠ్ గోవింద్ దాస్ దీన్ని ప్రాథమిక హక్కుల్లోనే చేర్చాలని కోరుకున్నవాడు. ఆ హక్కులు మనుషులకే గాని పశువులకు కావని చెప్పగా ఆదేశిక సూత్రాలతో సరిపెట్టుకున్నాడు. అంబేద్కర్ సవరణను అంగీకరించారు. అదే నేటి 48వ అధికరణం.

ఆ రోజు సభలో మాట్లాడిన ఇద్దరు ముస్లిం సభ్యుల మాటలు తరువాతి చరిత్రను బట్టి చూస్తే మరింత బరువుగా వినిపిస్తాయి. యునైటెడ్ ప్రావిన్సెస్‌కు చెందిన జెడ్.హెచ్. లారీ, అస్సాంకు చెందిన సయ్యద్ మహమ్మద్ సాదుల్లా ఇద్దరూ ఒకే విషయం అడిగారు. మెజారిటీ మతభావన కారణమైతే ఆ మాట సూటిగా రాయండి, తాము అడ్డుపడబోము. ఆర్థిక కారణాల ముసుగు మాత్రం వేయకండి. ఆ సలహాను సభ పట్టించుకోలేదు. 48వ అధికరణం వ్యవసాయాన్ని, పశుపోషణను ఆధునిక శాస్త్రీయ పద్ధతుల్లో నిర్వహించాలన్న మాటతో మొదలై గోవధ, దూడల వధ నిషేధంతో ముగుస్తుంది. శాస్త్రం, శ్రద్ధ ఒకే వాక్యంలో ఇరుక్కున్నాయి. ఆ తరువాత ఏ న్యాయస్థానం ముందుకు వెళ్లినా ప్రశ్న ఆర్థిక ప్రశ్నగానే వెళ్లింది: ఈ పశువు పనికివస్తుందా, రాదా? ఏ వయసు దాకా?

రాష్ట్రాలు తలా ఒక అంకె వేసుకున్నాయి. పశ్చిమ బెంగాల్, అస్సాం 1950లో పద్నాలుగేళ్లు అన్నాయి. మద్రాసు 1958లో పదేళ్లు అన్నది. మైసూరు 1964లో పన్నెండన్నది. ఆంధ్రప్రదేశ్ 1977 చట్టం ఆవులను, ఆవుదూడలను, గేదెదూడలను పూర్తిగా నిషేధంలో ఉంచి, ఎద్దుల విషయంలో అంకె జోలికి పోకుండా అధికారి ఇచ్చే ధ్రువపత్రానికి వదిలిపెట్టింది. తెలంగాణకు సంక్రమించినదీ అదే. ఎద్దు పక్క ఊళ్లో ఒక వయసుకు, రాష్ట్ర సరిహద్దు దాటితే మరో వయసుకు ముసలిదవుతుందన్న మాట. కేంద్రంలో నెహ్రూ ఈ విషయాన్ని రాష్ట్రాలకే వదలాలన్న పట్టుదలతో ఉన్నాడు. గోవింద్ దాస్ తెచ్చిన జాతీయ బిల్లు 1955 ఏప్రిల్‌లో లోక్‌సభ ముందుకు వచ్చినప్పుడు, దీని కోసం అవసరమైతే ప్రధాని పదవి వదులుకోవడానికైనా సిద్ధమన్నంత దూరం వెళ్లాడు. బిల్లు వీగిపోయింది. అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లో, బిహార్‌లో కాంగ్రెస్ ప్రభుత్వాలే కఠిన చట్టాలు చేశాయి.

ఆ చట్టాలు 1958 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో పరీక్షకు నిలిచాయి. ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ నేతృత్వంలోని ఐదుగురు సభ్యుల ధర్మాసనం మహమ్మద్ హనీఫ్ ఖురేషీ కేసులో ఒక మధ్యేమార్గం తీసింది. ఆవులను ఏ వయసులోనూ వధించరాదు. ఆవుదూడలను, గేదెదూడలను కూడా వధించరాదు. గేదెలు, ఆబోతులు, ఎద్దులు పనికివచ్చినంత కాలం నిషేధం చెల్లుతుంది. పనికిరాకుండా పోయాక కూడా నిషేధిస్తే కసాయి వృత్తిదారుల హక్కు మీద అది అసమంజసమైన ఆంక్ష. ముసలి పశువు తినే గ్రాసం పాడిపశువు నోటి నుంచి తీసినదేనన్న స్పృహ ఆ తీర్పులో ఉన్నది. రాష్ట్రాలు వెంటనే దానికి విరుగుడు కనిపెట్టాయి. పనికివచ్చే కాలాన్నే పొడిగించాయి. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ ఇరవై ఏళ్లన్నాయి. బిహార్ ఇరవై ఐదన్నది. బిహార్ పల్లెల్లో ఇరవై ఐదేళ్ల ఎద్దును చూసినవారు ఎందరో శాసనసభలో ఎవరూ అడిగినట్టు లేదు. 1960 చివర వెలువడిన అబ్దుల్ హకీం ఖురేషీ తీర్పులో సుప్రీంకోర్టు ఆ అంకెలను కొట్టివేసింది. పదిహేనేళ్ల తరువాత ఎద్దు పనికిరావడం అరుదని తన ముందున్న నిపుణుల అభిప్రాయాలను బట్టి తేల్చింది.

ఈ ప్రధాన తీర్పుల పేర్లలోనే ఒక విచిత్రం దాగి ఉన్నది. హనీఫ్ ఖురేషీ, హకీం ఖురేషీ, 1986లో హాజీ ఉస్మాన్‌భాయ్ ఖురేషీ, 2005లో మిర్జాపూర్ మోతీ ఖురేషీ కసాబ్ జమాత్. ప్రతిసారీ కోర్టు మెట్లెక్కింది కొనేవాడు. అమ్మేవాడు ఏనాడూ ప్రధాన కక్షిదారు కాలేదు. కసాయికి వృత్తి హక్కు ఉన్నదా అన్న చర్చలో, తన ఎద్దును తనకు అనుకూలమైన నాడు అమ్ముకునే హక్కు రైతుకు ఉన్నదా అన్న ప్రశ్న కోర్టు గదిలో సూటిగా నిలబడనే లేదు. ఆ రైతుల్లో అత్యధికులు హిందువులు. వారు వేదిక మీద గోరక్షణకు చేతులెత్తి, మరుసటి వారం సంతలో బేరగాడికి పలుపు అందించేవారు. ఇందులో కపటం వెతకడం తేలిక. బక్కచిక్కిన గడ్డివామి వెతకడం న్యాయం.

నిషేధం ఉన్నా లేకున్నా కొట్టంలో ఏం జరుగుతున్నదో మొదట గట్టిగా ప్రశ్నించినవారు ఆర్థికవేత్తలు, మానవశాస్త్రజ్ఞులు. 1966లో అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు మార్విన్ హారిస్, భారతీయ గోపూజ వెనుక గట్టి ఆర్థిక హేతువు ఉన్నదని వాదించి పెద్ద దుమారం లేపాడు. కె.ఎన్. రాజ్, వి.ఎం. దాండేకర్ వంటివారు ఆ చర్చను అంకెల్లోకి దింపారు. ఉత్తరప్రదేశ్‌లో ఎదిగిన పశువుల్లో ప్రతి వంద ఆవులకు రెండు వందలకు పైగా ఎద్దులుండేవి. కేరళలో ఏడాది లోపు దూడల్లో ప్రతి వంద పెయ్యలకు కోడెలు అరవై ఏడే. గంగా మైదానంలో దున్నడానికి ఎద్దు కావాలి. కేరళ చిన్న కమతాల్లో పాలు కావాలి. రెండు చోట్లా ఆవు పవిత్రమే, దూడను చంపడం పాపమే. మరి ఒక చోట ఆవులు, మరో చోట ఎద్దులు ఎలా తగ్గాయి? కేరళ రైతులు హారిస్‌కు చెప్పిన సమాధానంలో హింస లేదు. కోడెదూడలు బలహీనంగా ఉంటాయి, జబ్బుపడి పోతాయి. ఎందుకు బలహీనం? తక్కువ తాగుతాయి. ఎందుకు తక్కువ తాగుతాయి? పొదుగు దగ్గర వాటిని ఎక్కువసేపు ఉండనివ్వరు. అమ్మకపు నిర్ణయం, వధ నిర్ణయం, రెండూ అక్కడ పలుపు పొడవులోనే ముగిసిపోయాయి.

ఆ పరిశీలనను రాజకీయం పట్టించుకోలేదు. 1966 నవంబర్ 7న పార్లమెంటు మీదికి సాగిన సాధువుల ప్రదర్శన, కాల్పులు, మరణాల తరువాత ఇందిరాగాంధీ ప్రభుత్వం 1967లో జస్టిస్ ఎ.కె. సర్కార్ అధ్యక్షతన మరో కమిటీ వేసింది. గోల్వాల్కర్, పూరీ శంకరాచార్య ఒక వైపు, వర్గీస్ కురియన్, అశోక్ మిత్రా మరో వైపు కూర్చున్న ఆ కమిటీ ఏళ్ల తరబడి సమావేశమై, నివేదిక ఇవ్వకుండానే మొరార్జీ దేశాయ్ కాలంలో మూతపడింది. కురియన్ వైఖరి పాడి పరిశ్రమ నడిపేవాడి వైఖరి: వట్టిపోయిన పశువును వదిలించుకునే దారి లేకపోతే మంద నిలబడదు. ఆ మాట పట్టుదలగా చెప్పిన మనిషే దేశంలో పాల వెల్లువకు ఆద్యుడైన సంగతి తరువాతి గోరక్షణ ప్రసంగాల్లో సాధారణంగా వినబడదు.

ఇంతలో ట్రాక్టరు వచ్చింది. 1951లో దేశమంతటా పదివేలకు లోపే ఉన్న యంత్రం శతాబ్దాంతానికి చిన్న రైతు సైతం గంటల లెక్కన అద్దెకు తెచ్చుకునే వస్తువైంది. 1944 ఉత్తర్వుకు, 1948 అధికరణానికి, 1958 తీర్పుకు పునాదిగా నిలిచిన అవసరం, అంటే నాగలికి ఎద్దు, కరిగిపోతూ వచ్చింది. చట్టం మాత్రం సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే బిగుసుకుంది. 1986లో సుప్రీంకోర్టు గుజరాత్ వేసిన పదహారేళ్ల గీతను సమర్థించింది; శాస్త్రీయ పోషణ వల్ల పశువుల ఆయుష్షు పెరిగిందన్నది ఆధారం. 1994లో గుజరాత్ ఆ గీతనూ తుడిచేసి ఎద్దులకు, ఆబోతులకు సంపూర్ణ రక్షణ ప్రకటించింది. హైకోర్టు కాదన్నది. 2005 అక్టోబర్ 26న ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ నేతృత్వంలోని ఏడుగురు సభ్యుల ధర్మాసనం, ఒక్క జస్టిస్ ఎ.కె. మాథుర్ భిన్నాభిప్రాయంతో, అవునన్నది. ఎద్దు ఎన్నడూ పనికిరానిది కాదు, పేడ వేసినంత కాలం అది ఉపయోగకరమే. పేడ విలువ కోహినూర్ వజ్రాన్ని మించినదన్న పోలిక కూడా ఆ తీర్పులో చోటుచేసుకుంది. ఆ విలువకు కొనుగోలుదారు ఎవరు, ఏ సంతలో, ఏ ధరకు అన్నది తీర్పులో లేదు. 1958లో కోర్టును కలవరపెట్టిన గ్రాసం లెక్క 2005 నాటికి పేడ లెక్కగా మారింది. రెండూ ఒకే పశువు రెండు కొసలని నవ్వుకోవచ్చు, కానీ మధ్యలో రైతు ఉన్నాడు.

2015లో మహారాష్ట్ర, హరియాణా నిషేధాలు వచ్చాయి. 2017 మే 23న కేంద్ర పర్యావరణ శాఖ పశువుల సంతలకు కొత్త నిబంధనలు ప్రకటించింది. వధ కోసం అమ్మడం లేదని అమ్మేవాడు రాసివ్వాలి. తాను వ్యవసాయదారునని కొనేవాడు రుజువు చూపాలి. కొన్న పశువును ఆరు నెలల దాకా తిరిగి అమ్మరాదు. చిన్న దూడలను అసలు సంతకే తేరాదు. గేదెలు సైతం ఈ పరిధిలోకి వచ్చాయి. సంత అనేది వయసును బట్టి, పనిని బట్టి, మాంసాన్ని బట్టి పశువు చేతులు మారే చోటు. మూడింట ఒకదాన్ని తీసేస్తే మిగతా రెండింటి ధరా కూలుతుంది. వారం తిరగకముందే మద్రాస్ హైకోర్టు మదురై ధర్మాసనం స్టే ఇచ్చింది. హైదరాబాద్ నుంచి వెళ్లిన పిటిషన్ మీద జులైలో సుప్రీంకోర్టు ఆ స్టేను దేశమంతటికీ వర్తింపజేసింది. నిబంధనలు ఆగాయి గాని భయం ఆగలేదు. ఆ ఏప్రిల్‌లోనే రాజస్థాన్‌లోని అల్వార్ దగ్గర, జైపూర్ సంతలో పాడి ఆవులు కొని ఇంటికి తీసుకుపోతున్న ఒక పాడిరైతును గుంపు కొట్టి చంపింది. రవాణా ప్రాణాంతకమైన చోట బేరగాడు రాడు. బేరగాడు రాని సంతలో ధర లేదు. ధర లేని పశువును రాత్రివేళ పక్క ఊరి పొలిమేరలో విడిచిపెట్టడమే మిగిలిన ఏకైక అమ్మకం.

2019 పశుగణన ఈ చరిత్రనంతా రెండు అంకెల్లో పెట్టింది. ఏడేళ్లలో ఆవులు 18 శాతం పెరిగి పద్నాలుగున్నర కోట్లయ్యాయి. మగపశువులు 30 శాతం తగ్గి 4.74 కోట్లకు దిగాయి. పుట్టుకలో కోడె, పెయ్య దాదాపు సమానం. బతికున్నవాటిలో మూడు ఆడపశువులకు ఒక మగపశువు. అత్యధిక రాష్ట్రాల్లో కోడెదూడను వధించడం నేరం. అయినా కోట్లాది కోడెలు లెక్కలోకి రాకుండానే పోయాయి. రోడ్ల మీద, పొలాల మీద తిరిగే పశువులు యాభై లక్షలు. ఉత్తరప్రదేశ్‌లోనే పన్నెండు లక్షలకు చేరువ. ఒకనాడు వంద ఆవులకు రెండు వందల ఎద్దులు పెంచిన గడ్డ అది. 2018 చివరి చలిరాత్రుల్లో అక్కడి రైతులు పైరు కాపాడుకోవడానికి పశువులను ప్రభుత్వ బడుల్లోకి తోలి తలుపులు వేశారు. 2019 జనవరిలో ఆ రాష్ట్ర మంత్రివర్గం గోసంక్షేమం పేరిట అర శాతం సెస్సు వేసింది. 2022 ఎన్నికల సభలో ప్రధానమంత్రి ఈ బెడదకు పరిష్కారం తెస్తానని హామీ ఇస్తూ, పాలివ్వని పశువు పేడతోనూ ఆదాయం వచ్చే ఏర్పాటు చేస్తామన్నారు. 2005 నాటి తీర్పు ఎన్నికల వాగ్దానంగా తిరిగి వచ్చింది.

సరిహద్దుకు అవతల ఇదే కాలంలో మరో పరిణామం జరిగింది. 2015లో కేంద్ర హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ బెంగాల్ సరిహద్దుకు వెళ్లి, బంగ్లాదేశ్‌కు పశువుల తరలింపును పూర్తిగా ఆపాలని సరిహద్దు దళానికి చెప్పారు. మొదట ఢాకాలో మాంసం ధర పెరిగింది. తరువాత కుష్ఠియా, పాబ్నా, సిరాజ్‌గంజ్ జిల్లాల్లో చిన్న రైతులు కోడెలను తెచ్చి కట్టుకోవడం మొదలుపెట్టారు. బక్రీద్‌కు కొన్ని నెలల ముందు కొని, చిట్టు, పిండి, పచ్చగడ్డి పెట్టి, పండుగ సంతలో అమ్మడం అక్కడ ఒక కుటుంబ వ్యాపారమైంది. చాంద్రమానం వల్ల పండుగ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కొనుగోలు తేదీని కూడా రైతు అంతే వెనక్కి లెక్కపెట్టుకుంటాడు. ఏళ్లు గడవకముందే కుర్బానీ పశువుల్లో స్వయంసమృద్ధి సాధించామని ఆ దేశం ప్రకటించుకుంది. పద్మానదికి ఒక ఒడ్డున ఇంటికి డబ్బు తెచ్చే కోడెదూడ మరో ఒడ్డున ముళ్లకంచె అవతల నిలబడి ఉన్నది.

గేదెదూడల సంగతి మరింత విడ్డూరం. భారత్ ప్రపంచంలో పెద్ద మాంస ఎగుమతి దేశాల్లో ఒకటి. ఆ మాంసం గేదెలది. మగ గేదెదూడను మేపి ఎగుమతికి సిద్ధం చేస్తే లాభమని కేంద్ర పశుసంవర్ధక శాఖే ఒకప్పుడు వాటిని కాపాడి పెంచే పథకం పెట్టింది. అయినా పాలు లీటరు లెక్కన అమ్ముడుపోయే ఇంట దున్నదూడ చేత పాలు తాగించడం నష్టమేనని రైతుకు తెలుసు. ఆ దూడ మొదటి శీతాకాలం దాటదు.

ఇప్పుడు ప్రభుత్వం చూపుతున్న దారి వేరు. 2014లో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద, పెయ్యదూడలే పుట్టేలా లింగనిర్ధారణ చేసిన వీర్యాన్ని రాయితీ మీద అందిస్తున్నారు. కోడెను ఎప్పుడు అమ్మాలన్న ప్రశ్నను అది పుట్టకముందే, కృత్రిమ గర్భధారణ కేంద్రంలోని ద్రవ నత్రజని డబ్బా దగ్గర తేల్చేస్తున్నారు. సఫలత నూటికి తొంభై అంటున్నారు. మిగతా పది కోడెదూడలకు చట్టం పాతదే.